11 కిలోలు తగ్గాక ఎల్‌డీఎల్ 158కి పెరిగింది, ఇప్పుడేం చేయాలి?

మీరు రాసింది రెండుసార్లు చదివానండీ. నాకు అర్థమైంది ముందు చెప్తాను, తప్పుంటే సరిదిద్దండి. మీ వయసు 44, ఎత్తు 158 సెంటీమీటర్లు. నాలుగున్నర నెలల్లో 78 కిలోల నుంచి 67కి వచ్చారు. పొద్దున కైకొండ్రహళ్ళి చెరువు చుట్టూ నడక, అన్నం ఒక పూటే. మొదలుపెట్టినప్పుడు టోటల్ కొలెస్ట్రాల్ 204, ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్ అంటారే, అది) 126, హెచ్‌డీఎల్ (మంచిది అంటారే, అది) 44, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో తిరిగే ఇంకో రకం కొవ్వు) 172. మొన్నటి రిపోర్టులో టోటల్ 221, ఎల్‌డీఎల్ 158, హెచ్‌డీఎల్ 39, ట్రైగ్లిజరైడ్స్ 118. డాక్టరు గారు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మొదలుపెడదామన్నారు. మీవారేమో ఇంత కష్టపడితే ఇదా ఫలితం, హాయిగా తినడం మొదలుపెట్టు అన్నారు. ఆఫీసులో ఒకావిడ, అసలు కొలెస్ట్రాల్ అనేదే మందుల కంపెనీల కట్టుకథ అన్నారు. మీ నాన్నగారికి 51 ఏళ్ళకే స్టెంట్ వేశారు. ఈ ఆఖరి మాట మీరు ఏదో గుర్తొచ్చినట్టు చివర్లో ఒక ముక్కలో రాసి వదిలేశారు గానీ, నా లెక్కలో మొత్తం ప్రశ్నలో బరువైనది అదే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నేను డాక్టర్ని కాదు. మాది మదనపల్లె, బయోకెమిస్ట్రీ చదివి 23 ఏళ్ళుగా బెంగళూరులో ల్యాబుల్లో పనిచేస్తున్నాను. లైపిడ్ రిపోర్టులు, అంటే రక్తంలో కొవ్వుల లెక్కలు, నా కళ్ళ ముందు నుంచి వేలకు వేలు వెళ్ళాయి. పైగా 2018లో నేనూ 92 కిలోల నుంచి 77కి తగ్గాను కాబట్టి మీ టెన్షన్ ఎలాంటిదో నాకు తెలుసు.

బరువు వేగంగా తగ్గుతున్న రోజుల్లో తీయించిన లైపిడ్ రిపోర్టుని తీర్పులా చదవకూడదు. మన ఒంట్లో కొవ్వు కణాలు ఒట్టి కొవ్వునే దాచుకోవు, కొలెస్ట్రాల్‌ని కూడా దాచుకుంటాయి. మీరు 11 కిలోలు తగ్గారంటే ఆ గోదాము ఖాళీ అవుతోందని అర్థం. అందులోని సరుకు ఎక్కడికి పోవాలి? రక్తంలోకి వచ్చి, లివర్‌కి చేరి, అక్కడి నుంచి పైత్యరసంలోకి వెళ్ళాలి. ఆ ప్రయాణం జరుగుతుండగా మీరు చెయ్యి చాపి రక్తం ఇచ్చారు. పాలు పొంగుతున్నప్పుడు గిన్నెలో ఎన్ని పాలున్నాయో చెప్పమంటే ఎవరు చెప్పగలరు, స్టవ్ కట్టేసి పొంగు దిగాక చూడాలి. (పైత్యరసం మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. వారానికి కిలోన్నర కంటే వేగంగా తగ్గేవాళ్ళకి పిత్తాశయంలో రాళ్ళు వచ్చే అవకాశం పెరిగేది కూడా ఈ దారిలోనే. మీ వేగం వారానికి ముప్పావు కిలో కూడా లేదు కాబట్టి మీకు ఆ భయం తక్కువ.)

ఇది నా సొంత కనిపెట్టుడు కాదండీ. 1991లో అమెరికాలో బాగా బరువు తగ్గిన కొద్దిమంది స్త్రీలని నెలల తరబడి గమనించారు. కొలెస్ట్రాల్ మొదటి ఒకటి రెండు నెలల్లో బాగా పడిపోయింది, తర్వాత బరువు ఇంకా తగ్గుతుండగానే మళ్ళీ పైకి లేచింది, బరువు ఒకచోట నిలబడ్డాక మొదటికంటే కిందికి దిగింది. ఆ మరుసటి ఏడాది 70 అధ్యయనాలని కలిపి చేసిన విశ్లేషణ ఒకటి వచ్చింది. మీ హెచ్‌డీఎల్ 44 నుంచి 39కి ఎందుకు పడిందో అందులో ఉంది: బరువు తగ్గుతున్నంతసేపూ హెచ్‌డీఎల్ కొద్దిగా తగ్గుతుంది, తగ్గిన బరువు దగ్గర నిలకడగా ఉన్నాక పెరుగుతుంది. కాబట్టి ఆ 39 చూసి బాధపడకండి.

నా సంగతి చెప్తాను. ల్యాబులో పనిచేసేవాడికి రక్తపరీక్ష పక్క సీట్లో దొరికే టీ లాంటిది కదా, నెలనెలా ఇచ్చుకున్నాను. మొదట ఎల్‌డీఎల్ 138. రెండో నెల 117 వచ్చేసరికి అందరికీ చూపించుకుంటూ తిరిగాను. ఐదో నెలలో 171! నేను ప్రతి రోజూ పక్కవాళ్ళకి ధైర్యం చెప్పే మనిషిని, నా రిపోర్టు చూసుకుని ఆ రాత్రి నిద్రపోలేదు. మా ఆవిడ మాత్రం నింపాదిగా, "మెషిన్ పాడైందేమో చూసుకోండి" అంది. మెషిన్ బాగానే ఉంది. ఏడో నెలలో 77 దగ్గర ఆగాను, మరో రెండు నెలలు అక్కడే ఉన్నాను, అప్పుడు చూస్తే 119. ఆ మధ్యలో మందు వేసుకోలేదు, తిండిలోనూ పెద్ద మార్పేమీ లేదు. నాకు ఇలా జరిగింది కదా అని మీకూ అచ్చంగా ఇలాగే జరుగుతుందని రాసివ్వలేను. అందుకే మిగతాదంతా చదవండి.

ఇప్పుడు మీ అంకెలు. ట్రైగ్లిజరైడ్స్ 172 నుంచి 118కి రావడం మంచి సంగతి, బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే ఇవి 20 శాతం దాకా తగ్గుతాయని అంటారు, మీకు అంతకన్నా ఎక్కువే తగ్గాయి. తీపి, మైదా, అన్నం కుప్పలు తగ్గినప్పుడు అన్నిటికంటే ముందు స్పందించేది ఇదే. ఎల్‌డీఎల్ విషయానికొస్తే, చాలా ల్యాబులు దాన్ని నేరుగా కొలవవు, లెక్కగట్టి వేస్తాయి. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేయ్, ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతు తీసేయ్, మిగిలింది ఎల్‌డీఎల్. 1972 నాటి సూత్రం ఇది. మీ కాగితం తీసి చూడండి: 221లోంచి 39, ఇంకో 24 తీసేస్తే 158. అంటే మీది లెక్కగట్టిన అంకె. తప్పని కాదు, ట్రైగ్లిజరైడ్స్ 400 దాటనంతవరకు పనికొచ్చే లెక్కే. కాకపోతే వచ్చేసారి వేరే ల్యాబులో నేరుగా కొలిచే పద్ధతిలో చేయించి, 144 వచ్చిందని పండగ చేసుకుంటే అది మీ ఒంట్లో మార్పు కాకపోవచ్చు, పద్ధతిలో తేడా కావచ్చు. ఒకే ల్యాబు పట్టుకోండి. ఒకే ల్యాబులో కూడా రెండు వారాల తేడాతో ఇస్తే ఎల్‌డీఎల్ పది పాయింట్లు అటూ ఇటూ ఊగుతుంది, ట్రైగ్లిజరైడ్స్ అయితే 20 శాతం ఊగినా ఆశ్చర్యం లేదు. మీకు పెరిగింది 32. ఇది ఆ ఊగులాటలో కలిసిపోయే తేడా కాదు, నిజంగానే పెరిగింది. ఎందుకు పెరిగిందన్నదే ప్రశ్న.

ఇక్కడ మిమ్మల్ని కాస్త ఇబ్బంది పెడతాను. అన్నం తగ్గించారు సరే, ఆ స్థానంలోకి ఏమొచ్చింది? రోజూ 100 గ్రాముల పనీర్, పొద్దున నెయ్యి కలిపిన కాఫీ అని ఒక వాక్యంలో రాశారు. 100 గ్రాముల మామూలు పనీర్‌లో 12 గ్రాముల చుట్టుపక్కల సంతృప్త కొవ్వు ఉంటుంది, ఒక పెద్ద చెంచా నెయ్యిలో ఇంకో 8, 9 గ్రాములు. రోజుకి 1400 కేలరీలు తినే మనిషికి, మొత్తం కేలరీల్లో 10 శాతం లోపు అనే డబ్ల్యూహెచ్‌ఓ లెక్కన, సంతృప్త కొవ్వు హద్దు దాదాపు 15 గ్రాములు. ఇంకా పాలు, పెరుగు, కొబ్బరి చట్నీ లెక్కలోకి రాకముందే మీరు 20 దాటారు. ఈ కొవ్వు ఎక్కువైనప్పుడు లివర్ రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని లాక్కోవడం తగ్గిస్తుంది, అందుకే అంకె పైకి పోతుంది. అంటే మీ 32 పాయింట్లలో కొంత గోదాము ఖాళీ అవడం వల్ల, కొంత ఆ కాఫీ వల్ల కావచ్చు. ఎంతెంత అన్నది ఈ ఒక్క రిపోర్టులోంచి ఎవరూ విడదీయలేరు. నెయ్యి కాఫీ ఇవాళ్టి నుంచి మానేయండి, ఇది నా గట్టి మాట. కందిపొడి అన్నంలో ఒక చిన్న చెంచా నెయ్యి వేసుకోండి, దాన్ని ఎవరూ కాదనరు, మనవాళ్ళం నెయ్యి లేకుండా పొడి తింటే గొంతు దిగదు. పనీర్ బదులు సగం రోజులు పప్పు, శనగలు, సీజన్లో అవరెకాళ్ళు (చిక్కుడు గింజలు). బెంగళూరులో ఉంటూ డిసెంబరు, జనవరిలో అవరెకాళ్ళ సాంబారు తినకపోతే ఎలా! రాత్రి ఒక గ్లాసు నీళ్ళలో ఇసబ్గోల్ వేసుకుని తాగితే ఆ పీచు ఎల్‌డీఎల్‌ని కొద్దిశాతం తగ్గిస్తుంది, చవక కూడా. గుడ్ల గురించి నేను పెద్దగా గొడవ పడను. కొబ్బరినూనె గుండెకి మంచిదని వచ్చే వాట్సాప్ సందేశాలు మాత్రం నమ్మకండి, అదీ ఎల్‌డీఎల్‌ని పెంచేదే.

కీటో (అన్నం, పిండి బాగా తగ్గించి కొవ్వు ఎక్కువ తినే డైటు) చేసే కొంతమంది సన్నటివాళ్ళకి ఎల్‌డీఎల్ 200, 300 దాకా పోవడం నేను కళ్ళారా చూశాను. అది గోదాము ఖాళీ అవడం అని సర్దిచెప్పుకోకూడదు. 190 దాటితే ఏ కారణం వెతుక్కోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే, పుట్టుకతో వచ్చే కొలెస్ట్రాల్ జబ్బు ఏమైనా ఉందేమో చూస్తారు.

ఇంకా రెండు మూడు దొంగలున్నాయి. ఒకటి థైరాయిడ్, అది మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. టీఎస్‌హెచ్ చేయించండి. డైటింగ్‌లో జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నారా? చాలామంది వేసుకుంటారు, ల్యాబుకి చెప్పరు. అది కొన్ని మెషిన్లలో థైరాయిడ్ రిపోర్టుని తప్పుగా చూపిస్తుంది, గుండెపోటు వచ్చిందో లేదో చూసే ట్రోపోనిన్ పరీక్షని కూడా తక్కువ చేసి చూపించొచ్చు. పరీక్షకి ముందు ఎన్ని రోజులు ఆపాలో అడిగి ఆపండి. రెండోది మీ వయసు. నెలసరి క్రమం తప్పడం మొదలై ఆగిపోయే రోజుల్లో ఆడవాళ్ళకి ఎల్‌డీఎల్ దానంతట అదే పెరుగుతుంది, ఇది డైటు తప్పు కాదు. మూడోది జబ్బు చేసి లేచాక తీయించే పరీక్ష. నాకొకసారి డెంగ్యూ వచ్చి తగ్గిన రెండు వారాలకి టోటల్ కొలెస్ట్రాల్ 128 వచ్చింది, ఆ ఆనందంలో ఆరు ఒబ్బట్లు (బొబ్బట్లు) తిన్నాను, తర్వాత మా పాథాలజిస్టు నవ్వి, ఇన్ఫెక్షన్‌లో కొలెస్ట్రాల్ పడిపోతుందని నీకు తెలియదా అన్నారు. తెలుసు. మన రిపోర్టు అయ్యేసరికి తెలిసింది గుర్తుకు రాదు.

సరే, మీ నాన్నగారి సంగతి. తండ్రికో అన్నదమ్ములకో 55 లోపు, తల్లికో అక్కచెల్లెళ్ళకో 65 లోపు గుండెజబ్బు వస్తే దాన్ని చిన్న వయసులో వచ్చిన జబ్బుగా లెక్కేస్తారు. మీ నాన్నగారిది 51. ఇంటర్‌హార్ట్ అని 52 దేశాల్లో చేసిన అధ్యయనంలో మన దక్షిణాసియా వాళ్ళకి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళకి వచ్చింది, మిగతా దేశాలవాళ్ళకి 59కి దగ్గరగా. అంటే మనవాళ్ళకి ఆరేళ్ళు ముందే తలుపు తడుతోంది. బన్నేరుఘట్ట రోడ్డులో జయదేవ ఆసుపత్రి ఓపీ ముందు ఒక అరగంట నిలబడి చూడండి, లైన్లో నలభై దాటనివాళ్ళు ఎంతమంది కనబడతారో.

అందుకని మీరు బరువు నిలకడ కోసం ఆగకుండా రేపే చేయించుకోగలిగిన పరీక్ష ఒకటుంది. పేరు లైపోప్రోటీన్ ఏ, రక్తంలో ఎల్‌డీఎల్ లాంటి ఇంకో కొలెస్ట్రాల్ రేణువు అది. మామూలు లైపిడ్ ప్రొఫైల్ ప్యాకేజీలో ఉండదు, విడిగా అడగాలి. అపోలైపోప్రోటీన్ ఏ-1 అని దీని పేరుకి దగ్గరగా ఇంకొకటి ఉంటుంది, కౌంటర్లో పొరపాటున అది రాసేస్తారు, చూసుకోండి. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చే సరుకు, నడిచినా, కడుపు మాడ్చుకున్నా పెద్దగా మారదు, కాబట్టి జీవితంలో ఒకసారి చేయించుకుంటే చాలావరకు సరిపోతుంది. 2024లో కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా ఇచ్చిన మార్గదర్శకాల్లో అందరూ కనీసం ఒకసారి చేయించుకోవాలన్నారు. డెసీలీటరుకి 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ అని లెక్క. మీకు అది ఎక్కువ వచ్చిందనుకోండి, 158ని పొంగు దిగేదాకా చూద్దాం అని నేను చెప్పే మాటకి బలం తగ్గిపోతుంది, డాక్టరు గారు చెప్పిన మాత్రకి బలం పెరుగుతుంది. తక్కువ వచ్చింది, బీపీ, షుగరు లేవు, సిగరెట్టు లేదు అంటే ఆగి చూడడానికి వీలుంటుంది. అవే మార్గదర్శకాల్లో ఎల్‌డీఎల్ మామూలు మనుషులకి 100 లోపు, షుగరు, బీపీ లాంటి ముప్పు ఎక్కువున్నవాళ్ళకి 70 లోపు, ఇప్పటికే గుండెపోటు వచ్చినవాళ్ళకి 55 లోపు ఉండాలన్నారు. కాబట్టి మీ పాత 126 కూడా ఏమంత గొప్ప అంకె కాదు.

డాక్టరు గారితో గొడవ పెట్టుకోవద్దు, ఆయన కాగితం మీద ఉన్నది చూసి చెప్పారు. మీరు చెప్పకపోతే నాలుగున్నర నెలల్లో 11 కిలోలు పోయాయని ఆయనకెలా తెలుస్తుంది? రెండు రిపోర్టులూ, బరువు రాసుకున్న కాగితం, మీ నాన్నగారి డిశ్చార్జి సమ్మరీ పట్టుకెళ్ళి, "సార్, బరువు ఇంకా తగ్గుతోంది, నెయ్యి కాఫీ కూడా తాగుతున్నాను, రెండు నెలలు బరువు నిలిపి మళ్ళీ చూసి నిర్ణయిద్దామా, ఈలోపు లైపోప్రోటీన్ ఏ, టీఎస్‌హెచ్ చేయిస్తాను" అని అడగండి. ఆగొచ్చంటే ఆగండి. వద్దు, ఇప్పుడే వేసుకోమంటే కారణం అడిగి వేసుకోండి. స్టాటిన్ అంటే ఓడిపోయినట్టు కాదండీ, మీ ఆఫీసు ఆవిడ చెప్పే కట్టుకథ సంగతి పక్కన పెట్టండి, దశాబ్దాల రుజువులున్న మందు అది. వేసుకుంటే సొంతంగా ఆపొద్దు, గర్భం ఆలోచన ఉంటే ముందే చెప్పండి. ఒక జాగ్రత్త, జిమ్ములో బరువులు ఎత్తిన మర్నాడు రక్తం ఇవ్వకండి. కండరాలు అలసి సీపీకే, ఎస్‌జీఓటీ అనే ఎంజైములు రక్తంలో పెరిగి, అది మాత్ర వల్లే అనుకుని మందు ఆపేసినవాళ్ళని చాలామందిని చూశాను.

బరువు నిలపడం ఎలా అంటారా, ఇప్పుడు తినేదానికి రోజుకి 200, 300 కేలరీలు కలపండి. ఒక రాగి సంగటి ముద్ద, ఇంకొంచెం పప్పు అనుకోండి. నడక అలాగే ఉంచండి. 67కి ఒక కిలో అటూ ఇటూ కనీసం ఆరు వారాలు, వీలైతే ఎనిమిది. మీ ఎత్తుకి 67 అంటే బీఎంఐ దాదాపు 27, మనవాళ్ళకి 25 దాటితే ఊబకాయమే కాబట్టి ఇంకా తగ్గాల్సింది ఉంది, కానీ ఎక్కడికీ పారిపోదు, రెండు నెలలాగి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఎనిమిదో వారం చివర అదే ల్యాబులో, పొద్దున్నే, అంతకుముందు రెండు రోజులు పెళ్ళి భోజనాలేవీ లేకుండా చూసుకుని ఇవ్వండి. నిజానికి లైపిడ్‌కి ఫాస్టింగ్ తప్పనిసరి కాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నారు, కానీ మీ పాత రెండూ ఫాస్టింగ్‌లో ఇచ్చినవి కాబట్టి పోల్చుకోడానికి ఇదీ అలాగే ఇవ్వండి. పెళ్ళి భోజనం అంటే గుర్తొచ్చింది, ముహూర్తాల సీజన్లో సోమవారం పొద్దున వచ్చే శాంపిల్స్ కొన్ని మెషిన్లో తిప్పి తీస్తే సీరం (పైన తేలే ద్రవం) కొవ్వుతో పాలలా తెల్లగా ఉంటుంది, చూసి భయపడతారు కొత్త టెక్నీషియన్లు. లైపిడ్‌తో పాటు అపో బీ కూడా రాయించుకోండి. ఎల్‌డీఎల్ అంటే బస్సుల్లో ఉన్న సరుకు బరువు, అపో బీ అంటే రోడ్డు మీద బస్సులెన్ని ఉన్నాయో లెక్క, రక్తనాళం గోడని గుద్దేది బస్సే. అపో బీ చేయించడం కుదరకపోతే టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి వచ్చే అంకె చూసుకోండి, దానికి పైసా ఖర్చు లేదు. మీకిప్పుడు అది 182, మొదట 160. 130 లోపు రావాలి.

ఈ రెండు నెలలూ రక్తం జోలికి పోకుండా ఇంట్లో చూసుకునేవి నడుము కొలత, బీపీ. టేపు బొడ్డు దగ్గర పెట్టి, ఊపిరి వదిలాక, కడుపు లోపలికి లాక్కోకుండా. మీది 96 నుంచి 87కి వచ్చిందన్నారు, ఆడవాళ్ళకి మనదేశంలో 80 హద్దు. సగం దూరం దాటేశారు. బీపీ పొద్దున ఐదు నిమిషాలు కూర్చున్నాక చూసి రాసుకోండి. మీ అత్తగారు కూడా మీతోపాటు తగ్గుతున్నారని, బీపీ మాత్ర వేసుకుంటారని రాశారు కదా, బరువు తగ్గేకొద్దీ పాత డోసు ఎక్కువై లేచి నిలబడగానే కళ్ళు తిరగొచ్చు, ఆవిడ రీడింగులు కూడా డాక్టరుకి చూపించండి.

ఈసీజీ, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష) నార్మల్ వచ్చాయి కదా అన్నారు. మంచిదే. కానీ అవి రక్తం ప్రవాహానికి ఇప్పుడు అడ్డం ఉందా లేదా అన్నదానికి జవాబిస్తాయి, రక్తనాళాల గోడల్లో మెల్లగా పేరుకుంటున్నదాన్ని చూపించవు. సీటీలో తీసే కాల్షియం స్కోరు కొంతవరకు చూపిస్తుంది, మీ వయసులో సున్నా వచ్చినా పూర్తిగా నిశ్చింత అని కాదు, అది అవసరమా కాదా డాక్టరుకి వదిలేయండి. నడకలో ఛాతీ పట్టేసినట్టు, దవడకో వీపుకో లాగినట్టు, ఎప్పుడూ లేని ఆయాసం, చెమటలు వస్తే గ్యాసు అని ఈనో తాగి పడుకోకండి. ఆడవాళ్ళు ముఖ్యంగా ఇలాగే పడుకుంటారు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

లైపోప్రోటీన్ ఏ రిపోర్టు రాగానే అంకెతో పాటు యూనిట్ కూడా రాయండి. కొన్ని ల్యాబులు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని నానోమోల్స్‌లో, రెండింటి హద్దులు వేరు, అవి కలిపేసుకుని అనవసరంగా ఏడ్చినవాళ్ళున్నారు.